వంతు కోసం నిలబడ్డ వైఫై

తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెబుతుండగా వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "సార్, మా ఇంట్లో వైఫై గీతలు నిండుగానే ఉంటాయి. అయినా వీడియో తిరుగుతానే ఉంటాది. ఎందుకట్ల సార్?"

పాఠంతో సంబంధం లేదని కూర్చోబెట్టబోయి ఆగాను. సంబంధం ఉంది, అదీ తరంగాల సంగతే. పైగా మా ఇంట్లోనూ అదే అవస్థ.

మాది కర్నూలు పాతబస్తీలో మిద్దె ఇల్లు. రెండడుగుల మందం రాతిగోడలు, కింద బేతంచెర్ల నాపరాళ్ళు. ఎండ లోపలికి రాకూడదని కట్టిన గోడలవి. వాటికి ఎండైనా రేడియో తరంగమైనా ఒకటే. కేబుల్ అబ్బాయి తీగ అందినంతవరకే వచ్చి, వీధిగదిలో ఇనుప బీరువా పక్కన రౌటరు పెట్టి పోయాడు. దాని దగ్గర నిలబడి చూస్తే వేగం భేషుగ్గా ఉంది. అంటే బయటి నుంచి వచ్చే ఫైబరుది తప్పు కాదు. వంటింట్లో కొలిస్తే సిగ్నల్ మైనస్ 80 డీబీఎం. మిల్లీవాట్టులో పది కోట్లవ వంతు! అంత గుసగుసను కూడా ఫోను అర్థం చేసుకుంటోందంటే, విసుక్కోవడం మాని మెచ్చుకోవాల్సిన సంగతే.

అసలు కిటుకు వేరే చోట ఉంది. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా, ఒక చానెల్‌లో ఒకసారి ఒక్కటే మాట్లాడాలి. మరి వంతులు పెట్టేదెవరు?

ఈ తగవు మొదట హవాయి దీవుల్లో తేలింది. 1971లో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. దాని పేరు అలోహానెట్. పద్ధతి మొరటుది: చెప్పాలనిపించినప్పుడు చెప్పెయ్. ఇంకొకరి మాటతో ఢీకొంటే కాసేపాగి మళ్ళీ చెప్పు. అందరూ అలా అరిస్తే చానెల్‌లో మహా అయితే 18 శాతమే పనికొస్తుందని లెక్క తేలింది. ఆ పని గురించి చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో ఈథర్‌నెట్‌కు రూపమిచ్చాడు. ముందు విను, తీగ ఖాళీగా ఉంటేనే మాట్లాడు, మధ్యలో గుద్దుకుంటే వెంటనే ఆపు.

వైఫైకి ఆ మూడోది చేతకాదు. డప్పు కొట్టేవాడి చెవికి పక్కవాడి గుసగుస వినబడుతుందా? తన సొంత ప్రసారం హోరులో ఫోనుకు వేరెవరి మాటా వినబడదు. గుద్దుకున్నాక ఆపలేదు కనుక, గుద్దుకోకుండా చూసుకోవాలి. దానికి కనిపెట్టిన ఉపాయం నాకు మహా ఇష్టం. గాలి ఖాళీ కాగానే ప్రతి ఫోనూ 0 నుంచి 15 లోపు ఒక అంకెను చీటీలా తీసుకుంటుంది. 9 మైక్రోసెకన్లకొకటి చొప్పున వెనక్కి లెక్కపెడుతుంది. సున్నాకు చేరింది మాట్లాడుతుంది. మధ్యలో ఇంకొకటి మొదలుపెడితే లెక్క ఆగిపోతుంది. ఆ మాట అయ్యాక ఆగినచోటి నుంచే సాగుతుంది. కాచుకున్న కాలం వృథా పోదు! విన్నవాడు "అందింది" అని చిన్న జవాబివ్వాలి. జవాబు రాకపోతే గుద్దుకున్నట్టే లెక్క. ఈసారి చీటీ 31 లోపు, తర్వాత 63 లోపు, అలా 1023 దాకా. పెద్దమనిషి ఎవరూ లేకుండా నడిచే పంచాయతీ ఇది.

కానీ న్యాయంలోనే ఒక లొసుగుంది. వేసవిలో వీధి కుళాయి దగ్గర మనిషికొక బిందె అని కట్టుబాటు పెట్టుకుంటాం. ఒకామె సన్నమూతి క్యాను తెస్తుంది. ఆమెదీ ఒక్క వంతే, కాని అది నిండేసరికి వరుసంతా నీరసపడుతుంది. రాతిగోడ అవతలి ఫోను కూడా అంతే. దూరానికి వినబడాలంటే సాగదీసి చెప్పాలి కదా. సిగ్నల్ తగ్గితే వైఫై వేగం తగ్గించుకుంటుంది. 1500 బైట్ల మూటను 54 మెగాబిట్ల వేగంతో పంపడానికి పావు మిల్లీసెకను చాలు. 1 మెగాబిట్ వేగంతో 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఇద్దరికీ సమానంగా వంతులొస్తే, 54 వేగమున్నవాడికీ చివరికి దక్కేది సెకనుకు 1 మెగాబిట్ లోపే. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లో ఈ వింతను బయటపెట్టారు. మనవాడి నిండు గీతలు రౌటరు మాట తనకెంత బాగా వినబడుతోందో చెబుతాయి. వరుస ఎంత పొడవో చెప్పవు.

పక్కింటి రౌటరు అదే చానెల్‌లో ఉంటే వాళ్ళూ మన వరుసలోనే. అయినా నయమే, వంతు పాటిస్తారు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిమీదొకటి పడని చానెళ్ళు 1, 6, 11. ఎవరో తెలివిగా 3 పెట్టుకుంటే రెండువైపులా రొదే.

తర్వాతి కథ పరుగే. 1997లో వైఫై తొలి ప్రమాణం సెకనుకు 2 మెగాబిట్లు, 1999లో 11. మనదేశంలో 2005లో 2.4కు లైసెన్సు బెడద తీరింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా నెలకు 149 రూపాయల నుంచి ఇళ్ళకు చేరింది. వైఫై 6 వచ్చాక రౌటరే ఒకే విడతలో కొందరికి కలిపి పంచగలుగుతోంది. కొన్ని రౌటర్లు బిందెల లెక్క మాని నిమిషాల లెక్క పెట్టాయి.

ఆ పిల్లవాడి ఇంట్లో సన్నమూతి క్యాను ఏదంటే, వెనక కొట్టంలో తాత చూసే పాత ఫోను. తాతను వరుస నుంచి తప్పించడం కుదరదు కనుక రౌటరునే నడిమింట్లోకి, తలకంటే ఎత్తున మార్చమన్నాను. టీవీకి తీగ వేయించమన్నాను. నేనూ మా ఇంట్లో అదే చేశాను. వంటింట్లో ఇప్పుడు మైనస్ 62.

రిపీటరు కొందామనుకుంటున్నారా? చవకరకం రిపీటరు విన్నమాటనే అదే చానెల్‌లో మళ్ళీ చెబుతుంది, ఒక్కో మూటకు రెండు వంతులు తింటుంది. ముందు ముప్పై అడుగుల తీగ ధర కనుక్కోండి.