పురుగుమందు, తిండి సరకులు ఒక్కచోట వద్దు

1958లో కేరళలో విషాహారం తిని 100 మందికి పైగా చనిపోయారు. పారథియాన్ అనే పురుగుమందును, తిండి సరకులను ఒకే ఓడలో తెచ్చారు. మందు కారి సరకుల్లో కలిసింది. ఈ ఘోరం తర్వాతే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. ఏ మందునైనా దిగుమతి చేసుకోవాలన్నా, తయారు చేయాలన్నా ముందుగా కేంద్రంలోని రిజిస్ట్రేషన్ కమిటీ అనుమతి ఉండాలి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసింది. ఫోరేట్ గుళికలపై 2020 చివరి నుంచి నిషేధం ఉంది. ఇంట్లో పాత డబ్బా మిగిలి ఉన్నా వాడకండి.

డబ్బాపై రంగు గుర్తు చూడండి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదకరం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది విషమే.

ఓడలో జరిగింది ఇంట్లోనూ జరగవచ్చు. అందుకే తనకల్లు ప్రాంతపు వేరుశనగ రైతు కుటుంబాలు ఇవి గుర్తుంచుకోవాలి:

* అంగడి సరకుల సంచిలో మందు తేవద్దు.
* మందును నీళ్ల సీసాలో పోయవద్దు. పిల్లలకు అందకుండా తాళం వేయండి.
* మందు కలిపిన విత్తనాలు తినవద్దు, పశువులకూ పెట్టవద్దు.
* ఒంటిమీద పడితే బట్టలు విప్పి, సబ్బుతో బాగా కడగండి.
* మింగితే వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్లు తాగించవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు మందు డబ్బా తప్పక తీసుకురండి. దానిపై పేరు తెలిస్తే డాక్టరుగారు సరైన విరుగుడు త్వరగా ఇవ్వగలరు.