ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

"సిస్టమ్ మస్తు స్లో అయింది, జర ఫార్మాట్ కొట్టు తమ్మీ." కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా, చుట్టాలింటికి పోతే నాకు తప్పని పని ఇది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేశాక ఇంకా ఎక్కువైంది. అందరి అనుమానం ఒక్కటే: విండోస్ 11 ఫ్రీ అప్‌గ్రేడ్ కదా, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తే లైసెన్స్ పోతుందా?

ఈ భయం పాతదే. ఎక్స్‌పీ కాలంలో అప్‌గ్రేడ్ సీడీతో కొత్తగా ఎక్కిస్తే, మధ్యలో పాత విండోస్ సీడీ పెట్టమని అడిగేది. విస్టాకి వచ్చేసరికి దాన్నే రెండుసార్లు ఎక్కించే చిట్కా నడిచింది. 2015 జులైలో విండోస్ 10 వచ్చినప్పుడు ముందు అప్‌గ్రేడ్ చేసి, ఆ తర్వాతే ఫార్మాట్ కొట్టాల్సి వచ్చేది. నవంబర్ అప్‌డేట్ నుంచి విండోస్ 7 కీ నేరుగా తీసుకుంది. 2023 సెప్టెంబర్‌లో ఆ దారీ మూసేశారు.

ఇప్పుడు డిజిటల్ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డును చూసి గుర్తుపడుతుంది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి. హోమ్ ఉంటే హోమే, ప్రో ఉంటే ప్రోనే ఎక్కించండి. కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అని నొక్కితే చాలు. క్రాక్ చేసిన విండోస్‌కి మాత్రం ఏ హక్కూ రాదు. మన దగ్గర అలాంటివే ఎక్కువని నా అనుమానం!

అసలు గండం సి డ్రైవ్‌లో ఉంటుంది. జగిత్యాలలో మా కాక డీటీపీ షాపు నడుపుతాడు. పదిహేనేళ్ల పెళ్లి కార్డులు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లే. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటే సరిపోదు. అవి యూనికోడ్‌కి ముందటి తెలుగు ఫాంట్లతో చేసినవి. ఆ ఫాంట్ లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఫాంట్లేమో విండోస్ ఫోల్డర్లో ఉన్నాయి, పేజ్‌మేకర్ సీడీ ఎప్పుడో పోయింది. "గవి పోతే నా షాపు మూసుడే" అన్నాడు కాక.

అందుకే ఏదీ తుడవలేదు. కొత్త ఎస్ఎస్‌డీ కొని, పాత డిస్క్ వైరు పీకేసి, కొత్తదాని మీద విండోస్ 11 ఎక్కించాం. మదర్‌బోర్డు మారలేదు కాబట్టి నెట్ తగలగానే యాక్టివేట్ అయింది. ఆ నెట్ కూడా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి ఇచ్చిందే, వైఫై డ్రైవర్ అప్పటికి పడలేదు మరి.

పాత కార్డు కావాలని ఎవరైనా వస్తే, కాక నెట్ తీసేసి పాత డిస్క్ తగిలిస్తాడు. మిగతా రోజుల్లో అది బీరువాలో, శాంపిల్ కార్డుల కట్ట కింద ఉంటుంది.