ఒకే రాత్రి... తలోరకం చలి!

డిసెంబరు రాత్రి విశాఖ బీచ్‌లో పల్చటి స్వెట్టరు చాలు. అదే రాత్రి, సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని లంబసింగిలో చలిమంట లేనిదే కూర్చోలేరు. సముద్రం పగటి వేడిని దాచుకుని రాత్రి తీరానికి పంచుతుంది మరి! లంబసింగేమో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. కిలోమీటరు ఎత్తుకెళ్తే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. ఆదిలాబాద్‌ది అంత ఎత్తు కాదు. కానీ సముద్రం దూరం, ఉత్తరగాలులు దగ్గర. అందుకే ఒక్కోసారి అక్కడ 5 డిగ్రీలకు పడిపోతుంది.

లంబసింగికి ‘కొర్రబయలు’ అని మరో పేరు. ఆరుబయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని అర్థమట. పొగమంచు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఆ చలి ఒక్క పూట సరదా. అక్కడి ముసలివాళ్లకీ పసిపిల్లలకీ మాత్రం రాత్రంతా గండమే. ఈసారి వెళ్లేటప్పుడు బ్యాగులో ఓ దుప్పటి అదనంగా పెట్టుకుని, అక్కడే ఇచ్చి వస్తే..!