సాఫ్ట్‌వేరు సంస్థకు ఫోన్ల కర్మాగారమేల?

2011 ఆగస్టులో గూగుల్ సంస్థ 1,250 కోట్ల డాలర్లకు మోటరోలా మొబిలిటీని కొననున్నట్లు ప్రకటించెను. ఆండ్రాయిడ్‌ను ఫోను తయారీదారులకు ఉచితముగా ఇచ్చుచున్న సంస్థకు కర్మాగారముతో పనియేమి? తానే ఫోన్లు చేసినచో శాంసంగ్ వంటి భాగస్వాములకు పోటీదారు కాదా?

సమాధానము పేటెంట్లలో కలదు. పేటెంటు అనగా నూతన కల్పనపై ప్రభుత్వము కొంతకాలము ఒసగు హక్కు. అనుమతి లేక వాడినవారిపై దావా వేయవచ్చును. ఆపిల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఆండ్రాయిడ్ ఫోన్ల తయారీదారులపై అట్టి దావాలే వేయుచుండెను. గూగుల్ వయస్సు చిన్నది, పేటెంట్లు స్వల్పము. దివాలా తీసిన నోర్టెల్ సంస్థ పేటెంట్ల వేలములో, కొద్ది వారములకు ముందే, ఆపిల్, మైక్రోసాఫ్ట్ మున్నగువాని కూటమి 450 కోట్ల డాలర్లకు పాడి గూగుల్‌ను ఓడించెను. 1973లోనే చేతి సెల్‌ఫోనును ప్రదర్శించిన మోటరోలా వద్దనో, సుమారు 17,000 పేటెంట్లు! నీవు దావా వేసినచో మేమును వేయుదుమన్న బెదరింపే ఇచ్చట కవచము.

ఆ కవచము పలుచనిదని మా అభిప్రాయము. అందరును వాడక తప్పని సాంకేతిక ప్రమాణములకు చెందిన పేటెంట్లను సమంజసమైన రుసుముకే ఇవ్వవలెను. మోటరోలా ఏటా 400 కోట్ల డాలర్లకు మించి కోరుచున్నదని మైక్రోసాఫ్ట్ వాదింపగా, 2013లో సియాటిల్ న్యాయస్థానము ఏటికి సుమారు 18 లక్షల డాలర్లే తగునని నిర్ణయించెను.

2014లో గూగుల్ ఫోన్ల వ్యాపారమును లెనోవోకు 291 కోట్ల డాలర్లకు అమ్మి, పేటెంట్లలో అధికభాగమును తనయొద్దనే ఉంచుకొనెను. బియ్యము ఉంచుకొని ఊకను అమ్మినట్లు. ఊకతో పోయినవారిలో మనుష్యులును కలరు: 2012 ఆగస్టులోనే మోటరోలా ఉద్యోగులలో ఐదవవంతును, సుమారు 4,000 మందిని, తొలగింపనున్నట్లు ప్రకటన వెలువడెను.