పాత మందుల సంస్థలకు ఆన్‌లైన్ అమ్మకం లాభమేనా?

మా చికిత్సాలయానికి వచ్చే గృహస్థులు ఇటీవల తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. “వైద్యులవారూ, మీరు వ్రాసి ఇచ్చిన అరిష్టమే ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వస్తున్నది. అంత తగ్గించి ఇస్తే ఆ పాత సంస్థకు మిగిలేదేమిటి? మందులో లోపమేమైనా ఉన్నదా?” సందేహం సహజమే.

దూరాన ఉన్న రోగికి మందు పంపి పైకము రాబట్టుకోవడం మన సంస్థలకు క్రొత్త కాదు. మన దేశంలో వి.పి.పి. పద్ధతి 1877లోనే వచ్చింది. పత్రికలో ప్రకటన చూచి కార్డు వ్రాస్తే, పోస్టుమాన్ సొమ్ము పుచ్చుకొని పార్శిలు ఇచ్చేవాడు. 2010లో ఫ్లిప్‌కార్ట్ ప్రవేశపెట్టిన క్యాష్ ఆన్ డెలివరీ దీనికి తోబుట్టువే. గురుకులంలో ఉన్నప్పుడు మా గురువుగారి లేహ్యపు డబ్బాలను గుడ్డలో కుట్టి, లక్క ముద్ర వేసి, పోస్టాఫీసుకు మోసినవాణ్ణి నేను. పుచ్చుకొనక తిరిగివచ్చిన ఒక్క పార్శిలు నాలుగు పార్శిళ్ళ లాభాన్ని మింగేది. నేటి సంస్థల బాధ కూడా అదే.

దుకాణదారుకు ఇచ్చే కమీషను మిగులుతుంది కదా అని పైకి తోస్తుంది. ఆ మిగులులో కొంత మీకు తగ్గింపుగా వస్తుంది. కనుక ధర తగ్గినంత మాత్రాన మందును శంకించనక్కరలేదు. తక్కినది అమ్మిపెట్టే వేదిక రుసుముకు, ప్యాకింగుకు, కొరియరుకు, వాపసులకు పోతుంది. ఇక్కడ మందు స్వరూపాన్ని చూడాలి. ఆసవారిష్టాలు పాతబడినకొద్దీ గుణవంతములని శాస్త్రం చెబుతున్నది; నిల్వకు భయం లేదు. కాని గాజుసీసా బరువు, దారిలో పగిలే ప్రమాదము ఉన్నవి. చూర్ణం తేలిక, అయితే శార్ఙ్గధరుడు దానికి చెప్పిన వీర్యకాలం రెండు మాసములే. (నేటి ప్యాకెట్లపై గడువు అంతకంటె చాలా ఎక్కువ, అది వేరే చర్చ.) చిన్న డబ్బాలో ఇమిడి, మంచి వెల పలికి, నెలనెలా అవసరపడే మాత్రలలోనే లాభం మిగులుతుంది. ఒకటి చాలునన్నా మూడింటిని కలిపి అమ్మజూపడం అందుకే. మూడింటికీ కొరియరు ఖర్చు దాదాపు ఒకటే.

1884 నాటి డాబర్‌కు, 1902 నాటి కొట్టక్కల్ ఆర్యవైద్యశాలకు తమ పేరు జనానికి పరిచయం చేసుకొనే శ్రమ లేదు. క్రొత్తవారికి లేని బరువు మరొకటి పాత సంస్థలపై ఉన్నది: తరాలుగా సరుకు అమ్మిపెట్టిన దుకాణాలు. 2021 చివర నిత్యావసర వస్తువుల పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య, ఆన్‌లైన్ వేదికలకు తమకన్నా తక్కువ ధరకు సరుకు ఇచ్చే కంపెనీలకు సహకరించబోమని ప్రకటించింది. రెండుచోట్లా ఒకే ధర ఉంచగలిగినవారికే రెండు రాబడులూ నిలుస్తాయి.

నాకు మాత్రం దిగులు మరొకచోట. ఒక గృహిణికి ఆరోగ్యవర్ధని నెల దినములకే వ్రాసి ఇచ్చాను. ఆమె తగ్గింపు చూచి ఆన్‌లైన్‌లో మూడు డబ్బాలు తెప్పించి, నెల గడచినా నాకు చూపకుండా మ్రింగుతూనే ఉన్నది. అందులో పాదరసం చేరుతుంది. పాదరసం, వత్సనాభి వంటివి కలిసిన మందులను, రోగి వైద్యుని చీటీని వేదికకు సమర్పించిన తరువాతనే అమ్మాలని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 ఫిబ్రవరిలో ఆన్‌లైన్ వేదికలకు సూచించింది. ఆమెను చీటీ ఎవరూ అడగలేదట.

సంస్థ లెక్కలో ఆ మూడు డబ్బాలూ లాభమే. రెండవ డబ్బాలో మిగిలిన మాత్రలను, విప్పని మూడవ డబ్బాను ఆమె చేత తెప్పించి నా బీరువాలో పెట్టాను.