బ్లేడు కొన కేసింగును తాకినప్పుడు: సరళ నమూనాలతో కంపనాల అధ్యయనం

గత భాగంలో ఒక ద్రవ్యరాశి, ఒక స్ప్రింగు ఉన్న వ్యవస్థను పరిశీలించాం. ఆ చిన్న నమూనా జెట్ ఇంజను దగ్గర ఎంతవరకు పనికివస్తుందో ఇప్పుడు చూద్దాం.

కంప్రెసర్‌లో తిరిగే బ్లేడు కొనకూ, చుట్టూ ఉన్న కేసింగుకూ మధ్య ఖాళీని వీలైనంత తక్కువగా ఉంచుతారు. ఖాళీ పెరిగితే ఆ సందులోంచి గాలి వెనక్కు జారి దక్షత పడిపోతుంది. ఖాళీ మరీ తగ్గితే, లోహం వేడికి వ్యాకోచించినప్పుడో, రోటరు కాస్త పక్కకు ఊగినప్పుడో బ్లేడు కేసింగును రాసుకుంటుంది. ఒకసారి రాసుకొని ఊరుకుంటే పెద్ద ప్రమాదం లేదు. ఆ తాకిడే కంపనాన్ని పెంచి పోషిస్తే మాత్రం బ్లేడు పగులుతుంది.

బ్లేడ్ల చక్రం కంపించేటప్పుడు దాని చుట్టూ ఒక అల నడుస్తుంది. కేసింగులోనూ అంతే. ఘర్షణ బ్లేడ్లను భ్రమణానికి ఎదురుదిశలోనూ, కేసింగును భ్రమణ దిశలోనూ లాగుతుంది కనుక రెండు అలలూ ఆయా దిశల్లోనే నడుస్తాయనుకోండి. అయినా చక్రం వేగంగా తిరుగుతున్నందువల్ల, బయట నిలబడి చూసేవారికి బ్లేడ్ల అల కూడా ముందుకే కదులుతున్నట్లు కనిపించవచ్చు. ఆ రెండు అలల వేగాలూ సమానమైతే రోటరు శక్తి కంపనంలోకి చేరడానికి దారి దొరుకుతుంది. అందుకు షరతు ఇది: భ్రమణ పౌనఃపున్యాన్ని చుట్టూ ఉన్న అలల సంఖ్యతో గుణించి, అందులోంచి బ్లేడ్ల సహజ పౌనఃపున్యాన్ని తీసివేస్తే కేసింగు సహజ పౌనఃపున్యం రావాలి. ఉదాహరణకు అలలు 3, బ్లేడ్ల పౌనఃపున్యం 150 హెర్ట్జ్, కేసింగుది 120 హెర్ట్జ్ అనుకొంటే, మొత్తం 270ని 3తో భాగించగా సెకనుకు 90 భ్రమణాలు, అంటే నిమిషానికి 5,400. (బ్లేడ్ల పౌనఃపున్యం అపకేంద్ర బలం వల్ల వేగంతోపాటు కొంత పెరుగుతుంది; ఇక్కడ దాన్ని వదిలేశాం.)

పూర్తి ఇంజను నమూనాలో లక్షల సంఖ్యలో అజ్ఞాత రాశులుంటాయి. తాకిడి అరేఖీయం కాబట్టి వాటన్నిటినీ ప్రతి కాలాంతరానికీ సాధించాలి. 1968లో క్రేగ్, బాంప్టన్ ఇచ్చిన పద్ధతి ఇక్కడ ఆదుకొంటుంది. తాకే అవకాశమున్న కొన బిందువుల స్థానభ్రంశాలను యథాతథంగా ఉంచి, మిగతా భాగాన్ని కొద్దిపాటి కంపన రూపాలతో సూచిస్తాం. ఇంకా సరళంగా కావాలంటే ప్రతి బ్లేడునూ ఒక ద్రవ్యరాశి, ఒక స్ప్రింగుగానూ, కేసింగును సాగే ఉంగరంగానూ తీసుకోవచ్చు. ఖాళీ మూసుకొన్నప్పుడు మాత్రమే పనిచేసే గట్టి స్ప్రింగు తాకిడి బలాన్ని ఇస్తుంది. ఘర్షణకు కూలుంబ్ నియమం చాలు.

నా విద్యార్థులు ఎక్కువగా జారిపడింది ఈ గట్టి స్ప్రింగు దగ్గరే. బ్లేడు ద్రవ్యరాశి 100 గ్రాములు, తాకిడి స్ప్రింగు స్థిరాంకం మీటరుకు 10 కోట్ల న్యూటన్లు అనుకొంటే, కేంద్రీయ భేద పద్ధతిలో కాలాంతరం సుమారు 63 మైక్రోసెకన్లను దాటకూడదు. స్ప్రింగును 100 రెట్లు గట్టి చేస్తే ఆ హద్దు 6కు దిగుతుంది. హద్దు దాటితే లేని శక్తి లెక్కలో పుట్టుకొస్తుంది. తెరమీద కంపనం పెరిగిపోతుంటే బ్లేడు విరుగుతోందని నమ్మకండి. ముందు కాలాంతరాన్ని సగం చేసి మళ్ళీ లెక్కించండి.

పై షరతు తాకిడి లేని వ్యవస్థల పౌనఃపున్యాలతో వచ్చింది. తాకినప్పుడు వ్యవస్థ బిరుసెక్కి పౌనఃపున్యాలు పెరుగుతాయి కాబట్టి అసలు ప్రమాదం 5,400 దగ్గర కాక, దానికి కొంత పైన ఎదురుకావచ్చు. అందువల్ల ఆ ఒక్క వేగం దగ్గర ఆగకుండా ఇరుపక్కలా, ముఖ్యంగా పైవైపు, వరుస వేగాలకు లెక్క నడపాలి.