ఆకలికి అడ్డుపడే లీప్-2

ఆకలి మేదాలో పుడుతుందని అందరికీ తెలుసు. దాన్ని అణిచే పదార్థం జిగర్, అంటే కాలేయం తయారుచేస్తుందని మాత్రం 2018లోనే తెలిసింది.

కడుపు ఖాళీ అయినప్పుడు జీర్ణాశయం నుంచి గ్రెలిన్ అనే హార్మోను రక్తంలోకి ఎక్కువగా వస్తుంది. 1999లో జపాను శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా దీన్ని కనుగొన్నారు. మెదడులో దీని కోసం ఒక గ్రాహకం ఉంది. అది తాళమైతే గ్రెలిన్ తాళంచెవి. చెవికి పళ్లున్నట్టు దీనికి ఒక కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉండాలి, లేకపోతే తాళం తిరగదు. తిరిగిందంటే అన్నం గుర్తొస్తుంది.

లీప్-2 అనేది 40 అమైనో ఆమ్లాల పెప్టైడు. కాలేయం, చిన్నపేగు దీన్ని తయారుచేస్తాయి. 2003లో మొదట దొరికినప్పుడు క్రిములను చంపేదనుకుని ఆ అర్థంతోనే పేరు పెట్టారు! ఇది అదే తాళంలో దూరి కూర్చుంటుంది, తిప్పదు, గ్రెలిన్‌ను రానివ్వదు. గ్రెలిన్ లేకున్నా ఆ గ్రాహకం కొంత పనిచేస్తూనే ఉంటుంది. లీప్-2 దాన్ని కూడా తగ్గిస్తుంది. తిన్నాక ఇది పెరుగుతుంది, పస్తుంటే తగ్గుతుంది. గ్రెలిన్ సంగతి ఇందుకు తలకిందులు.

2022లో ప్రచురించిన పరీక్షలో ఆరోగ్యంగా ఉన్న మగవారికి దీన్ని నరం ద్వారా ఎక్కిస్తే తిండి తగ్గింది, భోజనానంతరం చక్కెర కూడా అంతగా పెరగలేదు.

అలాగని గ్రెలిన్‌ను శత్రువనుకోకండి. పస్తున్నప్పుడు రక్తంలో చక్కెర మరీ పడిపోకుండా చూసేవాటిలో అదీ ఒకటి. షుగరు మాత్రలు వాడేవారు ఆకలి చంపే పొడులు నమ్మి భోజనం మానేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు. అలాంటివి కొనేముందు మీ హకీంనూ, డాక్టర్నూ అడగండి.